చీజ్ పక్కన తీపి జామ్: విందుకు ముందు అందరూ అడిగే ప్రశ్నలు

ఇంటికి నలుగురు వస్తున్నారంటే ఈమధ్య మా ఇంట్లో పకోడీలతో పాటు ఒక చెక్కపలక కూడా బల్ల మీదకి వస్తోంది. దాని మీద మూడు రకాల చీజ్, రెండు మూడు గిన్నెల్లో జామ్. పెట్టిన ప్రతిసారీ మర్నాడు ఫోన్లు: ఏ చీజ్ అది, ఆ బూజు తింటే ఏమీ కాదా, శాకాహారులు తినొచ్చా, జామ్ ఇంట్లోనే చేశావా. అడిగేవి అవే, చెప్పేదీ అదే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి.

## మొదలుపెట్టే ముందు

ఉప్పటి చీజ్‌తో తియ్యటి జామ్ ఏంటండీ, అసలు ఎలా కుదురుతుంది?

పెరుగన్నంలో మామిడిపండు నంజుకుని తిన్నవాళ్ళు ఈ ప్రశ్న అడగకూడదు. పెరుగన్నంలో పులుపు, ఉప్పు, పాలకొవ్వు ఉన్నాయి, పండులో తీపి ఉంది, రెండూ కలిస్తే ఎలా ఉంటుందో మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. చీజ్ అంటే పాలు విరగగొట్టి, నీరు తీసేసి, ఉప్పు పట్టించి, చాలావరకు కొన్నాళ్ళు మాగబెట్టినదే. కాస్త ఉప్పు తగిలితే తీపి ఇంకా బాగా తెలుస్తుంది, పండులోని పులుపు నోట్లో పేరుకున్న కొవ్వును కడిగేస్తుంది, అందుకే రెండో ముక్క కూడా మొదటి ముక్కలాగే అనిపిస్తుంది. స్పెయిన్‌లో మాంచెగో చీజ్‌తో క్విన్స్ అనే పండుతో చేసిన గట్టి ముద్ద మెంబ్రియో తింటారు, బ్రెజిల్‌లో తెల్లటి మీనాస్ చీజ్‌తో జామపండు ముద్ద గోయబాడ తింటారు. ఆ రెండో జంటకి వాళ్ళు ముద్దుగా రోమియో జూలియెట్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

జామ్ ఎంత పెట్టుకోవాలి? బ్రెడ్ మీద రాసినట్టు రాయాలా?

వద్దు. ఇక్కడ జామ్ నంజుడు, అంతే. ముద్దపప్పు అన్నంలో ఆవకాయ ముక్క ఎంత పెట్టుకుంటామో అంత. చీజ్ ముక్క బొటనవేలంత ఉంటే జామ్ చిక్కుడు గింజంత చాలు. నేను మొదటిసారి చేసినప్పుడు బ్రీ అనే మెత్తటి చీజ్ గుండ్రటి ముద్ద మీద మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ సగం సీసా ఒంపేశాను, చూడటానికి బర్త్‌డే కేక్‌లా ఉంది, తింటే జామ్ తప్ప ఇంకేమీ తెలియలేదు. ఖరీదు పెట్టి కొన్న చీజ్ అది! అప్పటినుంచి జామ్ విడిగా చిన్న గిన్నెలో పెట్టి, పక్కన చిన్న చెంచా వేస్తున్నా. పెద్ద చెంచా వేస్తే జనం పెద్దగానే తీసుకుంటారు.

జామ్, జెల్లీ, మార్మలేడ్, ఫ్రూట్ పేస్ట్... వీటికి తేడా ఏంటి?

జామ్‌లో పండు గుజ్జు ఉంటుంది. జెల్లీలో వడకట్టిన రసం మాత్రమే ఉంటుంది. మార్మలేడ్ అంటే ఇప్పుడు నారింజ జాతి పండ్ల తొక్కలతో చేసేది, కానీ ఆ మాట పుట్టింది పోర్చుగీసు మార్మెలాడ నుంచి, అంటే క్విన్స్ పండు ముద్ద. ఫ్రూట్ పేస్ట్ చాకుతో కోసుకునేంత గట్టిగా ఉంటుంది, మన తాండ్రకి దగ్గరి చుట్టం. తాండ్రను ఎండలో పొర మీద పొర పోసి ఆరబెడతాం, మెంబ్రియోను పొయ్యి మీద దగ్గరపడేదాకా ఉడికిస్తారు. చీజ్ పక్కన పెట్టడానికి నా ఓటు గట్టి పేస్ట్‌కే, కారదు, చేతులకి అంటదు, పిల్లలు చొక్కాల మీద పోసుకోరు.

## కొనేటప్పుడు

మొదటిసారి పెడుతున్నా. ఏ మూడు చీజ్‌లు కొనమంటారు?

ఒకటి గట్టిది, ఒకటి మెత్తది, ఒకటి ఘాటుది. గట్టిదంటే బాగా మాగిన చెడ్డర్ గానీ గౌడా గానీ, మెత్తదంటే బ్రీ లేదా కామెంబేర్, ఘాటుదంటే ఏదైనా బ్లూ చీజ్, అంటే లోపల నీలి బూజు చారలున్నది. బ్లూ అంటే భయపడేవాళ్ళే ఎక్కువ వస్తున్నారంటే దాని బదులు మేకపాల చీజ్ పెట్టండి. ఐదారు రకాలు కొనకండి, అన్నీ తలా కొంచెం మిగిలి ఫ్రిజ్‌లో నెలరోజులు తిరుగుతుంటాయి. ఇవన్నీ విదేశాల నుంచే రావాలని కూడా లేదు, మన దేశంలో చేసే గౌడా, బ్రీ, మేకపాల చీజ్‌లు పెద్ద ఊళ్ళలో దొరుకుతున్నాయి, ధర కూడా దిగుమతి సరుకు కంటే నయం.

అమూల్ క్యూబ్స్ పెడితే కుదరదా?

కుదురుతుంది, కాకపోతే అది ప్రాసెస్డ్ చీజ్. అంటే తయారైన చీజ్‌ను కరిగించి, నీరూ కొవ్వూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలిపి మళ్ళీ అచ్చు పోసినది. రుచి సాదాగా, ఎప్పుడు తిన్నా ఒకేలా ఉంటుంది. దాని పక్కన జామపండు జెల్లీ లాంటి తేలికపాటిది పెట్టండి. పిల్లలున్న ఇంట్లో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది ఈ గిన్నే, నవ్వుకోకండి.

మా ఇంటికి వచ్చేవాళ్ళు శాకాహారులు. చీజ్‌లో దూడ పొట్టలోది ఏదో వేస్తారంట, నిజమేనా?

నిజమే. పాలు గడ్డకట్టడానికి వేసే రెన్నెట్‌ను సంప్రదాయంగా పాలు తాగే దూడ, మేకపిల్ల, గొర్రెపిల్లల కడుపు పొర నుంచి తీస్తారు. ఇటలీ పార్మిజానో రెజ్జానోకి దూడ రెన్నెట్టే వాడాలని నియమం, కాబట్టి అసలైన పార్మిజానో ఏదీ శాకాహారం కాదు. మాంచెగో కూడా ఎక్కువగా అలాంటిదే. అన్ని చీజ్‌లూ అంతే అనుకోకండి. సూక్ష్మజీవుల నుంచి తయారైన రెన్నెట్‌తో చేసేవి బోలెడున్నాయి, పోర్చుగల్ సెర్రా ద ఎస్త్రెలా, స్పెయిన్ తోర్తా దెల్ కాసర్ అయితే కార్డూన్ అనే ముళ్ళ మొక్క పువ్వుతో పాలు విరగగొడతారు. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూస్తే చాలు. అమెరికాలో, యూరప్‌లో ఉన్నవాళ్ళకి ఆ సౌకర్యం లేదు, లేబుల్ మీద వెజిటేరియన్ అనో మైక్రోబియల్ రెన్నెట్ అనో ఉంటే తీసుకోండి, ఉత్త రెన్నెట్ అని ఉంటే జంతువుదే అనుకోండి. గ్రానా పదానోకీ దూడ రెన్నెట్టే వాడతారు, పైగా అందులో తరచుగా గుడ్డు తెల్లసొన నుంచి తీసిన లైసోజైమ్ వేస్తారు. జామ్‌ల గొడవ తక్కువే, సాధారణంగా పండ్లలో ఉండే పెక్టిన్ అనే పదార్థంతో గడ్డకడతాయి, కానీ జెల్లీ పేరుతో అమ్మే కొన్నిటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, చూసి కొనండి.

ఎనిమిది మంది వస్తున్నారు, ఎంత చీజ్ తేవాలి?

సాయంత్రం ఇదే ప్రధానం అనుకుంటే మనిషికి అన్నీ కలిపి 80 నుంచి 100 గ్రాములు. తర్వాత బిర్యానీ వస్తుందంటే అందులో సగం చాలు, బిర్యానీ వాసన వంటింట్లోంచి వస్తుండగా చీజ్‌తో కడుపు నింపుకునే తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. జామ్ మనిషికి ఒక టేబుల్ స్పూన్, అంటే 20 గ్రాములు, ఎనిమిది మందికి 200 గ్రాముల సీసా ఒకటి సరిపోతుంది.

జామ్ సీసా మీద ఏం చూడాలి?

పదార్థాల వరసలో పంచదార కంటే పండు ముందుందా అని చూడండి. ఒకే పండుతో చేసినది కొనండి. మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్‌లో తీపి తప్ప ఏ పండు రుచీ విడిగా తెలియదు, చీజ్ పక్కన అది ఇంకా తేలిపోతుంది.

## జతలు కుదిర్చేటప్పుడు

ఏ చీజ్‌కి ఏ జామ్ అని ఎలా తేల్చుకోవాలి? ఒక లెక్క చెప్పండి.

చీజ్ ఎంత ఉప్పగా ఉంటే జామ్ అంత తియ్యగా ఉండొచ్చు. చీజ్ ఎంత వెన్నలా ఉంటే జామ్ అంత పుల్లగా ఉండాలి. నేను పట్టుకుని వేలాడే లెక్క ఇదొక్కటే. బ్రీ వెన్నముద్దలా ఉంటుంది కాబట్టి దానికి చెర్రీ, రాస్ప్‌బెర్రీ, మన నేరేడు జామ్ లాంటి పులుపూ వగరూ ఉన్నవి. మాగిన గౌడాలో పంచదార పాకం మాడినట్టు ఒక కమ్మదనం ఉంటుంది, దానికి ఆప్రికాట్ లేదా మామిడి. చెడ్డర్‌కి యాపిల్, ఉల్లిపాయ తీపి పచ్చడి. మేకపాల చీజ్ పుల్లగా ఉంటుంది, దాని పక్కన పులుపు పెడితే పళ్ళు జివ్వుమంటాయి, అంజీర్ జామో తేనో పెట్టండి.

ఏమీ తోచకపోతే ఒకే ఊరివి కలపండి. ఫ్రాన్స్‌లో స్పెయిన్ సరిహద్దు దగ్గరి బాస్క్ ప్రాంతంలో గొర్రెపాలతో ఓసో-ఇరాతీ అనే చీజ్ చేస్తారు, దాని పక్కన అక్కడే ఇత్సాసు అనే ఊళ్ళో పండే నల్ల చెర్రీల జామ్ పెడతారు. ఆ రెండూ ఎందుకు కలుస్తాయని ఎవరూ లెక్కలు కట్టలేదు, పక్కపక్కన ఉన్నాయి కాబట్టి కలిపి తిన్నారు, బాగుంది, అలాగే ఉండిపోయింది. గోంగూరకి ఉల్లిపాయ ఎవరు చెబితే కలిపాం?

బూజు పట్టిన చీజ్‌ని తినడమేంటి? దాంతో ఏ తీపి పెట్టాలి?

మా అత్తగారు మొదటిసారి చూసి "ఇది పాడైందమ్మా, పారెయ్" అన్నారు. పాడవలేదు. పెనిసిలియం రోక్‌ఫోర్టై అనే బూజును కావాలనే పాలలో గానీ విరుగులో గానీ కలుపుతారు, తర్వాత చీజ్ గడ్డకి సూదులతో పొడిచి లోపలికి గాలి పోనిస్తారు, గాలి తగిలిన దారి వెంట నీలిరంగు చారలు వస్తాయి. ఫ్రాన్స్ రోక్‌ఫోర్, ఇటలీ గోర్గొన్జోలా, ఇంగ్లండ్ స్టిల్టన్ ఈ కుటుంబమే, స్టిల్టన్ అయితే డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగమ్‌షైర్ అనే మూడు కౌంటీల్లో చేస్తేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు. ఉప్పు బాగా ఎక్కువ, కాస్త చేదు కూడా, కాబట్టి దీనికి మొహమాటం లేని తీపి కావాలి: అంజీర్ జామ్, పియర్ జామ్, తేనె. కొత్తవాళ్ళకి నేరుగా పెట్టకుండా సగం బ్లూ, సగం క్రీమ్ చీజ్ కలిపి మెదిపి, ఉప్పు బిస్కెట్ మీద రాసి, పైన అంజీర్ జామ్ చుక్క పెట్టండి. మా అత్తగారు ఇప్పుడు దాన్ని అడిగి మరీ తింటారు, పేరు మాత్రం బూజు బిస్కెట్టే.

మన ఊరగాయలు పనికొస్తాయా?

బెల్లం ఆవకాయ అద్భుతంగా పనికొస్తుంది. ఇటలీలో క్రెమోనా ఊరిది మోస్తార్దా అని ఒకటుంది, పండ్లను పంచదార పాకంలో ఊరబెట్టి ఆవఘాటు కలుపుతారు, చీజ్‌తోనూ ఉడికించిన మాంసంతోనూ తింటారు. తీపి, ఆవఘాటు, పండు ముక్క... బెల్లం ఆవకాయలో ఉన్నవీ ఇవేగా. నూనె వడకట్టి, ముక్కను చిన్నచిన్నగా తరిగి మాగిన చెడ్డర్‌తో పెట్టండి. బెల్లం బాగా పడిన అల్లం పచ్చడి గౌడాతో బాగుంటుంది. మామూలు ఆవకాయ మాత్రం వద్దు, కారం ముందు ఏ చీజూ నిలబడదు, అది అన్నం కోసం పుట్టింది.

మామిడి తాండ్ర పెట్టొచ్చా?

తప్పకుండా. ఆత్రేయపురం అంటే పూతరేకులే గుర్తొస్తాయి గానీ అక్కడి తాండ్రకీ పేరుంది. పలుచగా, తపాలా బిళ్ళంత ముక్కలు కోసి, అంతే సైజు మాగిన గౌడా ముక్క మీద పెట్టండి. కాస్త పులుపు తగిలే తాండ్ర అయితే ఇంకా మంచిది.

పనీర్‌తో చేయకూడదా?

పనీర్‌లో ఉప్పు ఉండదు, మాగదు, అలాగే పెడితే చప్పగా ఉంటుంది. వేలెడు మందం ముక్కలు కోసి, ఉప్పు చల్లి, అరగంట ఆగి, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చండి. ఫిన్లాండ్‌లో లేపాయూస్తో అని ఒక చీజ్ ఉంది, దాన్ని పైన మచ్చలు పడేలా కాల్చి, క్లౌడ్‌బెర్రీ జామ్‌తో తింటారు, తింటుంటే పంటి కింద కిచకిచమంటుంది. కాల్చిన పనీర్ అంత గొప్పగా కాకపోయినా అదే దారిలో ఉంటుంది, పక్కన అనాస జామ్ పెట్టండి. అనాస ఉడికినదే అయి ఉండాలి. పచ్చి అనాసలోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రోటీన్‌ను విరిచేస్తుంది, కాసేపటికి చేదెక్కుతుంది.

అస్సలు కుదరని జతలు ఏవి?

నారింజ మార్మలేడ్‌తో బ్రీ, తొక్క చేదూ పైపొర చేదూ కలిసి మందులా ఉంటుంది. మరీ తియ్యటి స్ట్రాబెర్రీ జామ్‌తో బ్లూ చీజ్ కూడా నాకు నచ్చదు, నచ్చేవాళ్ళున్నారు.

## ఇంట్లో చేసుకునేటప్పుడు

జామపండు పేస్ట్ ఇంట్లో చేయగలమా? క్విన్స్ ఇక్కడ దొరకదు కదా.

చేయగలం, క్విన్స్ కోసం వెతకడం కంటే ఇదే తెలివైన పని. రెండిట్లోనూ పెక్టిన్ బాగా ఉంటుంది, అందుకే సులభంగా గడ్డకడతాయి. గోవాలో దీన్నే పెరాడ్ అంటారు, పోర్చుగీసు వాళ్ళ క్విన్స్ ముద్ద మన దేశంలో జామపండుతో స్థిరపడింది. కిలో పండిన జామకాయలు ముక్కలు చేసి, మునిగేంత నీళ్ళతో మెత్తగా ఉడికించి, జల్లెడలో రుద్ది గింజలు తీసేయండి. గుజ్జు తూచి, దాని బరువులో ముప్పావు వంతు పంచదార, ఒక నిమ్మకాయ రసం కలిపి, అడుగు మందమైన గిన్నెలో సన్నమంట మీద కలుపుతూ ఉండండి. ముద్ద గిన్నె అంచులు వదిలి ఒక్కటిగా తిరగాలి, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. చివర్లో లావాలా చిమ్ముతుంది, పొడుగు కాడ గరిటె వాడండి, నా ముంజేతి మీద ఇంకా మచ్చ ఉంది. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ఒక రాత్రి వదిలేస్తే మైసూర్‌పాక్ కోసినట్టు కోసుకోవచ్చు.

టైమ్ లేదు. అరగంటలో అయ్యేది ఏదైనా ఉందా?

ఎండు అంజీర్ జామ్. 200 గ్రాముల అంజీర్ తరిగి, గ్లాసున్నర నీళ్ళు, మూడు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పుతో పాతిక నిమిషాలు ఉడికించి, మెదిపి, నిమ్మరసం పిండి దించేయండి. రెండు మిరియాలు దంచి వేస్తే బ్లూ చీజ్‌కి ఇంకా బాగా కుదురుతుంది.

జామ్ ఎంతసేపటికీ గట్టిపడటం లేదు, ఏం చేయాలి?

మూడు కుదరాలి: పెక్టిన్, పులుపు, పంచదార. మొత్తంలో చక్కెరలు 65 శాతం దాకా వచ్చినప్పుడు జామ్ పట్టుకుంటుంది, అప్పుడు దాని వేడి 104, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. థర్మామీటర్ లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టిన ప్లేటు మీద చుక్క వేసి వేలితో తోయండి, ముడత పడితే అయినట్టే. పడకపోతే ముందు నిమ్మరసం వేసి చూడండి, చాలాసార్లు లోటు అక్కడే ఉంటుంది. పంచదార పోసుకుంటూ పోవద్దు.

సీతాఫలంతో జామ్ బాగుంటుందా?

వద్దు. ఆ గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. ఐస్‌క్రీమ్‌కి వదిలేయండి.

## వడ్డించే రోజు

చీజ్ ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీయాలి?

పుస్తకాల్లో గంట ముందు అని రాస్తారు, అది చల్లటి దేశాల లెక్క. డిసెంబర్‌లో అయితే ముప్పావు గంట ముందు తీయండి. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గట్టివి ఇరవై నిమిషాలు, మెత్తవి పది నిమిషాలు చాలు, లేకపోతే బ్రీ పలక దాటి బల్ల మీదకి నడుచుకుంటూ వస్తుంది. మామూలు గది వేడిలో రెండు గంటలకి మించి, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంటకి మించి బయట ఉంచకండి. ఒకేసారి అంతా పెట్టకుండా సగం ఫ్రిజ్‌లో దాచి తర్వాత నింపడం మేలు.

పైన ఉన్న తోలు తినాలా, తీసేయాలా?

బ్రీ, కామెంబేర్ల తెల్లటి తోలు తినొచ్చు, అది కూడా కావాలని పెంచిన బూజే. గౌడా మీది మైనం, మాంచెగో మీది జడ అల్లినట్టున్న గట్టి తొక్క తీసేయాలి.

బ్రీ వేడిచేసి జామ్ వేసి ఇస్తారు కదా, ఓవెన్ లేకపోతే ఎలా?

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు. లేకపోతే మందపాటి పెనం మీద చిన్న స్టీలు పళ్ళెంలో బ్రీ పెట్టి, మూత వేసి, సన్నమంట మీద ఎనిమిది పది నిమిషాలు ఉంచండి. పైతోలు నొక్కితే లోపల కదులుతున్నట్టు తెలియాలి. జామ్ చివర్లోనే వేయండి, ముందే వేస్తే కారి మాడుతుంది.

భోజనానికి ముందా, తర్వాతా?

ఫ్రాన్స్‌లో భోజనం అయ్యాక, తీపికి ముందు. ఇంగ్లండ్‌లో చాలామంది తీపి కూడా అయ్యాక. మనకైతే సాయంత్రం ఆరింటికి, చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నప్పుడు. భోజనం తర్వాత పెడితే ఎవరూ ముట్టుకోరు, అనుభవం మీద చెబుతున్నా.

వచ్చేవాళ్ళలో గర్భిణి ఉన్నారు, పసిపిల్లలున్నారు. ఏం చూసుకోవాలి?

బ్రీ, కామెంబేర్, మెత్తటి బ్లూ చీజ్‌లలో లిస్టీరియా అనే బాక్టీరియా పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి గర్భిణులను అవి తినొద్దంటారు, పొగలు కక్కేలా వేడిచేసినవి ఫర్వాలేదు. చెడ్డర్ లాంటి గట్టివి పెట్టండి. ఏడాది లోపు పిల్లలకి తేనె చుక్క కూడా నాకించకండి. పాలు పడనివాళ్ళు చాలామంది బాగా మాగిన గట్టి చీజ్ తినగలరు, అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర దాదాపు ఉండదు.

## అందరూ వెళ్ళాక

మిగిలిన చీజ్ ఎలా దాచాలి?

బటర్ పేపర్‌లో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో. బిగుతుగా ప్లాస్టిక్ చుడితే చెమట పట్టి జిడ్డు వాసన వస్తుంది. బ్లూ చీజ్‌కి విడి డబ్బా, లేకపోతే పక్కనున్న ఇడ్లీపిండికి కూడా ఆ వాసనే. గట్టి చీజ్ మీద కొత్తగా బూజు కనిపిస్తే చుట్టూ అంగుళం మేర కోసేసి మిగతాది వాడుకోవచ్చు, మెత్తవాటికి వస్తే మొత్తం పారేయాల్సిందే.

కొంచెం కొంచెం మిగిలాయి. ఏం చేయను?

గట్టి చీజ్ తురిమి, ఏ జామ్ మిగిలితే అది పలుచగా రాసి, బ్రెడ్ మధ్యలో పెట్టి నెయ్యితో పెనం మీద కాల్చండి. దోసె మీద కూడా వేయొచ్చు, పిండి మరీ పులిసినదైతే వద్దు. జామపండు పేస్ట్ మిగిలితే ఏమీ చేయక్కర్లేదు, ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతివాళ్ళూ ఒక ముక్క నోట్లో వేసుకుంటారు, బుధవారానికల్లా పళ్ళెం ఖాళీ.